ఉప్పుగాలి, కుళాయి, కాస్త చింతపండు

అండమాన్‌లోని బతు బస్తీలో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో ఐదేళ్లకు కురిసే వాన ఇక్కడ ఒక్క ఏడాదిలో కురిసిపోతుందన్నమాట. అయినా వాష్‌బేసిన్ కడగాలంటే ఇక్కడివాళ్లు ముందు డ్రమ్ములో ఎన్ని నీళ్లున్నాయో చూసుకుంటారు. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి తడిపేస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం మబ్బు మొహం చాటేస్తుంది. నేల అడుగున ఉన్న రాళ్లు నీటిని పట్టి ఉంచే రకం కావు. పోర్ట్ బ్లెయిర్‌కీ (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయ పురం), దాని చుట్టుపక్కల బస్తీలకూ పెద్ద దిక్కు 1973లో కట్టిన ధనిఖారి డ్యామ్ ఒక్కటే. డ్యామ్‌లో మట్టం పడిపోతే కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఎండ ముదిరితే మూడు నాలుగు రోజులకోసారి. "కుళాయి ధారగా వదిలి శుభ్రంగా రుద్దండి" అనే చిట్కా ఇక్కడ మొదటి మాటకే చెల్లదు.

ఇలాంటి చిట్కాలన్నీ ఎక్కడినుంచి వస్తాయంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లే. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది. కాబట్టి నిమ్మచెక్క దగ్గర్నుంచి యాసిడ్ సీసా దాకా అన్ని సలహాలూ అక్కడి అక్కచెల్లెళ్లూ వదినలూ ఫోన్లో చెబుతూనే ఉంటారు. అవి వాళ్ల ఊరి నీళ్లకి పుట్టిన సలహాలు. వాటిలో కొన్ని ఇక్కడ దండగ, కొన్ని చేటు, ఒకటి రెండు మాత్రం అక్కడికన్నా ఇక్కడే బాగా పనిచేస్తాయి.

తెల్ల మరక ఎవరిది?

హైదరాబాదు బోరు నీళ్లు వాడే ఇంట్లో కుళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిగా పేరుకునేది సున్నపు పొర, అంటే ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలనే మనం కఠినత్వం అంటాం. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. వాననీటిలో ఈ లవణాలు ఉండవనే చెప్పాలి. అందుకని డాబా మీద పడ్డ వానను పట్టి వాడుకునే ఇంట్లో బేసిన్ మీద కనిపించే తెల్లటి జిడ్డుపొర సాధారణంగా సున్నం కాదు, ఆరిపోయిన సబ్బు, టూత్‌పేస్టు. దానికి నిమ్మకాయ కోసి రుద్దడం దండగ. నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, తడిగుడ్డ చాలు. బావినీళ్లు వాడే ఇంట్లో మరక గట్టిగా, గోరుతో గీకినా రానట్టుంటే అప్పుడు నిమ్మరసానికి పని ఉంటుంది.

నిమ్మరసం ఎలా వాడాలో కూడా చాలామందికి తెలియదు. చెక్కతో రెండుసార్లు రుద్ది కడిగేస్తే ఏమీ జరగదు. ఆమ్లానికి రుద్దుడు కాదు, వ్యవధి కావాలి. పాత బనీను గుడ్డను నిమ్మరసంలో గానీ వెనిగర్‌లో గానీ తడిపి, మరక ఉన్నచోట చుట్టి పావుగంట వదిలేస్తే సున్నం దానంతటదే మెత్తబడుతుంది. తర్వాత ఒక్క మగ్గు నీళ్లు చాలు. రాత్రంతా వదిలేస్తే మాత్రం మరకతో పాటు కుళాయి మెరుపు కూడా పోవచ్చు.

మెత్తటి నీటికి ఇంకో గుణం ఉంది. సబ్బు అందులో చిటికెలో నురగ తీస్తుంది. కఠినమైన నీటిలో సబ్బులో కొంత కాల్షియంతో కలిసి తెట్టుగా మారి బేసిన్‌కే అంటుకుంటుంది. వాననీళ్లు పట్టుకునే ఇంట్లో కుంకుడుకాయంత సబ్బుతో పని అయిపోతుంది. అదే అలవాటుగా గుప్పెడు పొడి చల్లితే, ఆ నురగ వదిలించడానికి ఉన్న కాస్త నీళ్లూ అయిపోతాయి.

తెల్ల మరక అసలు పడని నీళ్లు శ్రీ విజయ పురం ఎదురుగానే ఒకప్పుడు తయారయ్యాయి. రాస్ ద్వీపం (2018 డిసెంబరు నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) బ్రిటిష్ వాళ్ల పరిపాలనా కేంద్రంగా ఉన్నప్పుడు అక్కడ నీటిని ఆవిరి చేసి చల్లార్చి మంచినీళ్లు తీసే కర్మాగారం ఉండేది. దాని శిథిలాలు మర్రి ఊడల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. చుట్టూ సముద్రం పెట్టుకుని దొరలు మరిగించిన ఆ నీటిలో సున్నమూ ఉండదు, ఉప్పూ ఉండదు. కుళాయి మీద ఆరిపోయినా చుక్క జాడ మిగలదు.

కుళాయి మొదట్లో పచ్చ గీత

ఇక్కడి బేసిన్‌కు అసలు శత్రువు ఉప్పుగాలి. దగ్గరగా వంగి చూడండి. కుళాయి బేసిన్‌కు ఆనే చోట, అడుగున ఉన్న గుండ్రటి అంచు చుట్టూ ఎప్పుడూ ఒక సన్నటి తడి గీత ఉంటుంది. ఎవరూ తుడవని చోటు అది. ముందు అక్కడ సూదిమొనంత నల్లచుక్కలు లేస్తాయి. కొన్నాళ్లకు వాటి చుట్టూ పచ్చగా చిలుము పడుతుంది. గోరు పెడితే మెరుస్తున్న పొర పొట్టులా లేచి, కింద పసుపుపచ్చని ఇత్తడి కనిపిస్తుంది.

ఆ మెరిసేది క్రోమియం పూత. సాధారణ కుళాయి మీద దాని మందం అర మైక్రాన్ కూడా ఉండదు. మన వెంట్రుక మందంలో నూరో వంతుకన్నా తక్కువ. దాని కింద నికెల్, ఆ కింద ఇత్తడి. క్రోమియం పూతలో కంటికి కనిపించని సన్నటి పగుళ్లు ఉంటాయి. ఉప్పులోని క్లోరైడ్ వాటిలోంచి దూరి అడుగు లోహాన్ని తింటుంది. సముద్రం నాలుగడుగుల దూరంలో లేకపోయినా గాలిలో తేలి వచ్చిన ఉప్పు తడి ఉన్నచోట దిగుతుంది. బతు బస్తీలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఎక్కువే కాబట్టి ఆ తడి తనంతట తాను ఆరదు.

అందుకే ఇక్కడ కుళాయిని కడగడం కన్నా పొడిగుడ్డతో తుడవడం ముఖ్యం. పగలంతా ఎలా ఉన్నా, రాత్రి పడుకునే ముందు కుళాయి మొదలు, పిడి అడుగు, మూతి ఈ మూడూ తుడిస్తే చాలు. ఒక్క చుక్క నీరు ఖర్చు లేని పని ఇది. విశాఖ నుంచో చెన్నై నుంచో ఓడెక్కి వచ్చే కుళాయికి రవాణా ఖర్చు కూడా కలుస్తుంది కాబట్టి, గుడ్డముక్క బేరం ఎప్పుడూ లాభమే.

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకం కూడా ద్వీపం మీద దిగగానే వదులుకోవాలి. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ, తొందరగా అరిగిపోని తుపాకీ గొట్టాల కోసం ఉక్కులో రకరకాల పాళ్లలో క్రోమియం కలిపి చూస్తూ, తుప్పు పట్టని ఉక్కును పట్టుకున్నాడు. నూటికి 10.5 పాళ్లకు పైగా క్రోమియం ఉంటే ఉక్కు మీద తనంతట తానే ఒక రక్షణ పొర ఏర్పడుతుంది. గీత పడ్డా గాలి తగిలితే మళ్లీ అల్లుకుంటుంది. క్లోరైడ్ మాత్రం ఆ పొరకు చిల్లులు పెడుతుంది. అందుకే ఓడల్లోనూ రేవుల్లోనూ 316 రకం స్టీలు వాడతారు. దానిలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అదనంగా ఉంటుంది. మామూలు గిన్నెలు, సింకులు చేసే 304లో అది ఉండదు.

స్టీలు పీచు పెట్టి స్టీలు కుళాయి తోమితే జరిగేది ఇంకో తమాషా. పీచులోంచి విరిగిన ఇనుప నలుసులు కుళాయి గీతల్లో ఇరుక్కుంటాయి. రెండో రోజుకల్లా ఎర్రటి చుక్కలు. తుప్పు పట్టింది కుళాయికి కాదు, మనం దానికి అంటించిన పీచుకి. తెల్ల పింగాణీ బేసిన్ మీద బూడిదరంగు గీతలు కూడా ఇలాంటివే. పింగాణీ మీది గాజుపూత ఉక్కుకన్నా గట్టిది కాబట్టి గీసుకుపోయింది పూత కాదు, చెంబు అడుగు. చెంబు లోహం పెన్సిలు గీతలా బేసిన్ మీద మిగిలిపోతుంది. బేసిన్ పగిలిందని కంగారు పడక్కర్లేదు, టూత్‌పేస్టుతో కాసేపు మెల్లగా రుద్దితే చాలావరకు పోతుంది. పీచే కావాలంటే ఈ దీవుల్లో కొబ్బరికి కొదవేమిటి?

చింతపండు సంగతి

పాత ఇళ్లలో ఇంకా ఇత్తడి కుళాయిలు ఉన్నాయి. పూత లేదు కాబట్టి పూత లేచే బెడదా లేదు. చిలుము పట్టిందా, పులుసుకు పిండేసిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు వేసి రుద్దితే కళ్లెదుటే తేరుకుంటుంది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది. మన అమ్మమ్మలు బిందెలు తోమింది దీనితోనే. కడిగాక ఉప్పు మాత్రం పూర్తిగా పోవాలి. లేదంటే ఉప్పుగాలి చేసే పని మనమే చేసిపెట్టినట్టు.

ఇత్తడికి ఇంకో గొప్పతనం ఉంది. చాలా కొద్ది మోతాదులో కూడా కొన్ని లోహాలు సూక్ష్మజీవులను చంపగలవని స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ నేగెలి పరిశోధన 1893లో వెలువడింది. రాగి వాటిలో ముఖ్యమైనది. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ రాగినీ, ఇత్తడి లాంటి రాగి మిశ్రమాలనీ క్రిములను చంపే ఉపరితలాలుగా నమోదు చేసింది. మెరిసే క్రోమియం పూతకు ఆ గుణం లేదు. కొత్త ఫ్యాషన్ కుళాయి కన్నా తాతగారి ఇత్తడి కుళాయి పిడి మీదే క్రిములు తొందరగా చస్తాయి. మెరుపు చూసి మార్చేసేవాళ్లు ఒక్క క్షణం ఆగితే బాగుండు.

గులాబీ రంగు పాచి

బేసిన్ గొట్టం అంచున, సబ్బు పెట్టె అడుగున లేత గులాబీ రంగు జిగురు కనిపిస్తుంటుంది. నీటిలో ఏదో రంగు వస్తోందని, ఇనుము ఉందని అనుకుంటారు. చాలాసార్లు అది సూక్ష్మజీవుల కాపురం. వాటిలో పేరుమోసినది సెర్రేషియా మార్సెసెన్స్. దాని కథ పెద్దది. 1819లో ఇటలీలో పాదువా దగ్గర ఒక పల్లెలో మొక్కజొన్న సంకటి రాత్రికి రాత్రి నెత్తురు కారినట్టు ఎర్రబడింది. దయ్యం పని అని ఊరు ఊరంతా హడలిపోయింది. బార్తొలొమియో బిజియో అనే ఔషధ శాస్త్రజ్ఞుడు పరీక్షించి, ఇది దయ్యం కాదు, కంటికి ఆనని జీవి అని తేల్చాడు. దానికి సెరఫీనో సెర్రాతి అనే భౌతిక శాస్త్రవేత్త గౌరవార్థం పేరు పెట్టాడు.

ఈ రంగే దానికి ఇంకో ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఎక్కడ వాలినా ఎర్రగా జాడ తెలుస్తుంది కదా అని, ఎవరికీ హాని చేయదనే నమ్మకంతో, 1950 సెప్టెంబరులో అమెరికా నౌకాదళం శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో దీన్ని మేఘాలుగా చల్లింది. జీవాయుధం పడితే నగరం మీద ఎంత దూరం పాకుతుందో చూడటానికి. ఆ తర్వాత అక్కడి ఒక ఆసుపత్రిలో 11 మందికి ఈ క్రిమి సోకింది, ఒకరు చనిపోయారు. ప్రయోగానికీ దీనికీ ముడి ఉందని కోర్టులో రుజువు కాలేదు.

మన ఇంటి గులాబీ పాచికి అంత భయపడనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దానివల్ల మామూలుగా ఏమీ కాదు. చంటిపిల్లలు, జబ్బుపడి లేచినవాళ్లు ఉన్న ఇంట్లో మాత్రం ఊరుకోకూడదు. పాత బ్రష్షు, సబ్బుతో రుద్ది జిగురు తీశాక పలచని బ్లీచింగు నీళ్లు పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. జిగురు తీయకుండా బ్లీచింగు పోస్తే పైపొర చస్తుంది, కింది పొర బతుకుతుంది. బేసిన్ పైఅంచు కింద ఒక చిల్లు ఉంటుంది చూడండి, నీళ్లు పొర్లకుండా పెట్టింది. గబ్బు వాసనకు చాలాసార్లు పుట్టిల్లు అదే. నీళ్లు దిగే చోటి జాలీని ఎంత తోమినా వాసన పోవడం లేదంటే ఆ చిల్లులోకి సీసాలు కడిగే సన్న బ్రష్షు దూర్చి చూడండి.

క్రిమి బేసిన్ గొట్టంలోంచి పైకి పాకుతుందా? 2017లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆసుపత్రి సింకుల నమూనాలు కట్టి మరీ చూశారు. కింది వంపులో పెరిగిన ఇ.కోలై రోజుకు దాదాపు అంగుళం చొప్పున గొట్టం గోడ పట్టుకుని పైకి వచ్చింది. జాలీ దాకా చేరాక, కుళాయి నీళ్లు జాలీ మీద పడి చింది, ఆ క్రిమిని చుట్టుపక్కలకు వెదజల్లాయి. బేసిన్ పక్కనే టూత్‌బ్రష్షులు నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇది విని కాస్త దూరం జరపొచ్చు.

వంపులో నీళ్లు

బేసిన్ కింద సీసాలాంటి భాగం, బాటిల్ ట్రాప్, ఎందుకుంది? అందులో ఎప్పుడూ నిలిచి ఉండే గ్లాసెడు నీళ్లే డ్రైనేజీ వాసననూ బొద్దింకలనూ పైకి రాకుండా ఆపుతాయి. గొట్టాన్ని వంచి నీటితో తలుపు వేయాలన్న ఆలోచనకు 1775లో పేటెంటు తీసుకున్నవాడు అలెగ్జాండర్ కమింగ్. ఆయన వృత్తి గడియారాలు చేయడం.

ఇక్కడివాళ్లకు ఇది బాగా పనికొచ్చే సంగతి. ఇల్లు తాళం వేసి, ఓడెక్కి శ్రీకాకుళం వెళ్లి, పెళ్లిళ్లూ పండగలూ ముగించుకుని నెలో రెండు నెల్లో అయ్యాక వస్తారు. తలుపు తీయగానే గుప్పున వాసన. ఏదో చచ్చిందని మంచాల కింద వెతుకుతారు. ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి తలుపు తెరుచుకుందంతే. ఒక చెంబు నీళ్లు పోస్తే మూసుకుంటుంది. వెళ్లేముందే గొట్టంలో రెండు చెంచాల నూనె పోసి వెళితే అది నీటి మీద తేలి ఆవిరి కాకుండా కాపాడుతుంది.

ట్రాప్ విప్పాలంటే కింద బకెట్టు పెట్టి, గిన్నెలాంటి అడుగు భాగాన్ని చేత్తో తిప్పితే చాలు. వెంట్రుకలు, నల్లటి సబ్బు ముద్ద, ఎప్పుడో పోయిందనుకున్న చెవిదిద్దు శీల బయటపడతాయి. బేసిన్‌లో నీళ్లు నిదానంగా దిగుతుంటే యాసిడ్ సీసా కన్నా ముందు ఈ పని చేయాలి. తీసిన వాషరు మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టకపోతే రాత్రంతా కారుతుంది, జాగ్రత్త.

ఒకే కంపెనీ, ఒకే ఏడాది

కుళాయి సందులు తోమే పాత టూత్‌బ్రష్షూ, కుళాయి మరలకు చుట్టే తెల్లటి టేపులోని టెఫ్లానూ ఒకే ఏడాది బిడ్డలు. పంది వెంట్రుకల బదులు నైలాన్ కుచ్చులున్న బ్రష్షు 1938 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. ఆ కుచ్చులు డ్యూపాంట్ కంపెనీవి. అదే ఏడాది ఏప్రిల్ 6న అదే కంపెనీ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్, సిలిండరులో గ్యాసు అయిపోయిందేమిటా అని కోసి చూస్తే, లోపల జారుడుగా తెల్లటి పొడి కనబడింది. అదే టెఫ్లాన్.

నురగ వచ్చిందని మురవకండి

వంటసోడా మీద వెనిగర్ పోస్తే బుసబుసమని పొంగుతుంది. చూడ్డానికి ఎంతో పని జరుగుతున్నట్టుంటుంది. క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి తినేసి, బొగ్గుపులుసు వాయువు వదిలి, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. సోడా విడిగా జిడ్డును రుద్దడానికి బాగుంటుంది, వెనిగర్ విడిగా సున్నాన్ని కరిగిస్తుంది. కలిపితే రెండూ వృథా.

ఇంకో కలయిక వృథా కాదు, ప్రమాదం. హార్పిక్ లాంటి ఆమ్లం ఉన్న ద్రవమూ బ్లీచింగూ ఒకేచోట పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సేనలు యుద్ధంలో వదిలింది ఆ వాయువునే. కిటికీ లేని స్నానాలగదిలో కాస్త చాలు ఊపిరాడకుండా చేయడానికి. నిమ్మరసం, వెనిగర్‌లతోనూ బ్లీచింగు కలపకూడదు. అన్నట్టు హార్పిక్ అన్నది దాన్ని తయారుచేసిన ఇంగ్లిషువాడు హ్యారీ పికప్ పేరులోని ముక్కలు. ఆ యాసిడ్ టాయిలెట్ పింగాణీ కోసం పుట్టింది. కుళాయి మీద పోస్తే క్రోమియం పూత మాయం, స్టీలు మీద పోస్తే నల్ల మచ్చలు.

చుక్కల లెక్క

క్షణానికొక చుక్క కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. ఒక్కో చుక్క పావు మిల్లీలీటరు అనుకుంటే 21 లీటర్లకు పైనే, అంటే నిండు బకెట్టు కన్నా ఎక్కువ. నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే ఇంట్లో నాలుగు బకెట్లు. అరిగిన వాషరు మార్చడానికయ్యే ఖర్చు టీ కాఫీల ఖర్చే.

నీళ్లు విడిచిన మొదటి నిమిషం కుళాయి దగ్గుతుంది, ఎర్రటి నీళ్లు ఉమ్ముతుంది. ఖాళీగా ఉన్న గొట్టాల్లోని తుప్పు, మట్టి ఆ మొదటి నీళ్లతోనే వస్తాయి. కుళాయి మూతిలో ఉండే సన్నటి జాలీలో చిక్కుకునేదీ అదే. ధార పక్కకు చిమ్ముతోందంటే జాలీ విప్పి, తిరగేసి తట్టి, వెనిగర్‌లో కాసేపు నానబెట్టండి. మొదటి నీళ్లను బేసిన్‌లోకి కాక బకెట్లోకి పట్టి మొక్కలకు పోస్తే పింగాణీ మీద ఎర్ర చార కూడా పడదు.

నీళ్లు నిలవ చేసుకోక తప్పని ఊళ్లో డ్రమ్మును కూడా బేసిన్‌తో పాటే తోమాలి. డెంగీ దోమ ఎక్కువగా శుభ్రమైన నీళ్లు నిలిచిన చోట గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం పది రోజులు. గుడ్లు నీటిలో తేలవు, నీటిమట్టానికి కాస్త పైన డ్రమ్ము గోడకు అంటుకుంటాయి. ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. నీళ్లు పారబోస్తే పోవు, వారానికోసారి పీచుతో గోడ రుద్దాలి.

ఇక చివరగా, బేసిన్‌లో నీళ్లు దిగేటప్పుడు తిరిగే సుడి. ఉత్తరార్ధగోళంలో ఒకవైపు, దక్షిణార్ధగోళంలో ఇంకోవైపు తిరుగుతుందని బడి పిల్లలు కూడా చెబుతారు. 1962లో అమెరికాలోని ఎంఐటీలో ఆషర్ షాపిరో ఆరడుగుల వెడల్పు తొట్టిలో నీళ్లు పోసి, 24 గంటలు కదపకుండా ఉంచి, మెల్లగా బిరడా తీసి భూభ్రమణ ప్రభావాన్ని నిజంగానే చూపించాడు, గడియారపు ముల్లుకు ఎదురు దిశలో. ఆయన తొట్టి ఉన్న బోస్టన్ ప్రాంతం 42 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. బతు బస్తీ ఉన్నది 11 డిగ్రీల పైచిలుకులో, కాబట్టి భూమి తిప్పే బలం అక్కడితో పోలిస్తే ఇక్కడ మూడో వంతు కూడా లేదు. మీ బేసిన్‌లో సుడి ఎటు తిరిగినా అది భూభ్రమణం మహిమ కాదు. కుళాయి ఎటు వంగి ఉంది, ప్లంబరు బేసిన్ ఎంత వాటంగా బిగించాడు, జాలీలో వెంట్రుకలు ఏ పక్క చిక్కుకున్నాయి, ఇవే చూసుకోవాలి.